మోటారుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్: పేటెంట్ దేనికి వస్తుంది, దేనికి రాదు?

మీరు హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చున్నారు. ఊళ్లో పొలం దగ్గరున్న బోరు మోటారును ఫోన్‌లో ఒక్క ట్యాప్‌తో ఆన్ చేశారు. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో, పైపులో నీళ్లు వస్తున్నాయో లేదో కూడా ఆ ఫోనే చెప్పింది.

ఇప్పుడు ఇంకో దృశ్యం ఊహించుకోండి. పల్నాడు జిల్లా కారంపూడిలో మోటార్లకు వైండింగ్ చేసే ఒక చిన్న షాపు. ఆ షాపు నడిపే అన్న, ఇంజినీరింగ్ చదివిన చెల్లెలు కలిసి అలాంటి పెట్టెనే ఇంకాస్త మెరుగ్గా తయారుచేశారు. లోపల నడిచే సాఫ్ట్‌వేర్ వాళ్లు సొంతంగా రాసుకున్నదే. "వెంటనే పేటెంట్ తీసుకోండి" అని ఒకరు సలహా ఇచ్చారు. "సాఫ్ట్‌వేర్‌కు మన దేశంలో పేటెంట్ రాదు, డబ్బులు దండగ" అని ఇంకొకరు కొట్టిపారేశారు. ఎవరి మాట నిజం?

ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం ఉంది. మిగతా సగం తెలియకపోతే చేతికొచ్చిన హక్కు పోవచ్చు. లేదా రాని హక్కు కోసం వేల రూపాయలు ఖర్చు కావచ్చు. ఈ షాపు, ఈ అన్నాచెల్లెళ్లు మనం అనుకున్న ఉదాహరణ మాత్రమే. చట్టం, ఫీజులు, కేసులు మాత్రం నిజమైనవి. ఒక్కొక్కటిగా చూద్దాం.

కారంపూడిలో ఈ ప్రశ్న ఎందుకు?

కారంపూడి పేరు వినగానే పల్నాటి యుద్ధం, నాగులేరు, వీర్ల గుడి గుర్తొస్తాయి. కానీ ఈ ప్రాంతంలో రోజువారీ జీవితం నడిచేది కరెంటు మోటార్ల మీద. సాగర్ కుడి కాలువ నీళ్లు అందని చోట బోర్లు, పత్తి జిన్నింగ్ మిల్లులు, పిడుగురాళ్ల వైపు సున్నం పరిశ్రమ, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు... అన్నిచోట్లా తిరిగేది త్రీఫేజ్ మోటారే. ఫ్యాక్టరీలో దాన్ని పీఎల్‌సీ, వీఎఫ్‌డీ లాంటి ఖరీదైన పరికరాలు నడిపిస్తాయి. పొలంలో ఒక స్టార్టర్ పెట్టె, అందులో ఒక సిమ్ నడిపిస్తాయి. రెండుచోట్లా సాఫ్ట్‌వేర్ చేసే పని ఒకటే: యంత్రం చెప్పేది వినడం, దానికి ఆదేశం ఇవ్వడం.

పొలం పెట్టె చిన్నదే అయినా దాని వెనక పెద్ద అవసరం ఉంది. రాత్రిపూట మోటారు వేయడానికి వెళ్లి పాముకాటుకు, కరెంటు షాకుకు గురైన రైతుల కథలు ప్రతి ఊళ్లోనూ వింటాం. ఫేజ్ పోయినప్పుడు మోటారు ఆగకపోతే వైండింగ్ కాలిపోతుంది. నీళ్లు లేకుండా తిరిగితే పంపు పాడవుతుంది. రిపేరుకు వేల రూపాయలు, ఈలోగా పైరుకు తడి లేదు.

అందుకే ఫోన్‌తో మోటారు నడిపే ఆలోచన కొత్తదేమీ కాదు. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ తయారుచేసిన 'నానో గణేశ్' 2009లోనే నోకియా నిర్వహించిన అంతర్జాతీయ పోటీలో బహుమతి గెలిచింది. బెంగళూరుకు చెందిన విన్‌ఫినెట్ సంస్థ 'కిసాన్ రాజా' పేరుతో ఇలాంటి పరికరాన్నే మార్కెట్లోకి తెచ్చింది. ఈ విషయం ఎందుకు చెబుతున్నామో కాసేపట్లో తెలుస్తుంది. పేటెంట్ ఆఫీసు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఇంతకుముందు ఉందా?" అనేదే.

చట్టం ఏం చెబుతోంది?

పేటెంట్ల చట్టం 1970 నాటిది. అందులో 3వ సెక్షన్ 'ఇవి ఆవిష్కరణలు కావు' అంటూ ఒక జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో 3(కె) క్లాజు కింద నాలుగు ఉన్నాయి: గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, 'కంప్యూటర్ ప్రోగ్రామ్ పెర్ సే'. 2002 సవరణ చట్టంతో వచ్చిన ఈ మాటలు 2003 మే నుంచి అమల్లో ఉన్నాయి.

గొడవంతా 'పెర్ సే' అనే చిన్న మాట దగ్గరే. దానికి అర్థం 'దానికదిగా' అని. అంటే ప్రోగ్రామ్ ఒక్కటే, విడిగా తీసుకొస్తే పేటెంట్ లేదు. మరి ప్రోగ్రామ్ ఒక యంత్రంలో భాగమై, ఆ యంత్రం పనితీరునే మార్చేస్తే? చట్టం అక్కడ నేరుగా వద్దనలేదు.

2004 డిసెంబరులో కేంద్రం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగపడే ప్రోగ్రామ్‌లకు, హార్డ్‌వేర్‌తో కలిసి పనిచేసే ప్రోగ్రామ్‌లకు ఈ నిషేధం వర్తించదని అందులో రాసింది. అదే నిలిచి ఉంటే మన కారంపూడి పెట్టెకు దారి సులువయ్యేది. కానీ 2005లో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టంలో ఆ మార్పు లేదు. పాత మాటలే మిగిలాయి. ఆ తర్వాత 20 ఏళ్లుగా పేటెంట్ ఆఫీసు, కోర్టులు ఆ 'పెర్ సే'కు అర్థం చెబుతూనే ఉన్నాయి.

కోర్టులు ఏమన్నాయి?

ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది ఫరీద్ అల్లానీ కేసు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని అందుకునే పద్ధతి, పరికరం కోసం ఆయన 2002లో మన దేశంలో దరఖాస్తు చేశారు. 3(కె) పేరుతో పేటెంట్ ఆఫీసు తిరస్కరించింది. 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ కేసులో కీలకమైన మాట చెప్పింది. ఈ రోజుల్లో కార్ల నుంచి వాషింగ్ మెషీన్ల దాకా అన్నింటిలోనూ కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంటుంది కాబట్టి, ప్రోగ్రామ్ ఉందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదు, అది 'సాంకేతిక ఫలితం' ఇస్తుందో లేదో చూడాలి అన్నది ఆ తీర్పు సారాంశం. చివరికి 2020లో ఆయనకు పేటెంట్ ఇవ్వాలని అప్పీలు బోర్డు ఆదేశించింది. దరఖాస్తుకూ ఆ ఆదేశానికీ మధ్య దాదాపు 18 ఏళ్లు! పేటెంట్ కాలపరిమితి దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే అని గుర్తుంచుకుంటే, గెలిచినా ఏం మిగిలిందో మీకే అర్థమవుతుంది.

పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాలు కూడా ఊగిసలాడాయి. 2016లో 'కొత్త హార్డ్‌వేర్ ఉంటేనే చూస్తాం' అన్నట్టుగా రాశారు. 2017లో ఆ షరతు తీసేశారు. 2025లో మరోసారి సవరించారు. ఈ మార్గదర్శకాలు పరీక్షకుల కోసం రాసినవి మాత్రమే, చట్టం కంటే ఎక్కువ కావు.

ఇప్పుడున్న స్థితిని ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇదీ: కోడ్‌కు పేటెంట్ రాదు, యంత్రంతో మాట్లాడినంత మాత్రానా రాదు. ఆ మాటల వల్ల యంత్రంలో కొత్తగా ఏం మారిందో చూపగలిగితే వచ్చే అవకాశం ఉంది.

ఒకే పెట్టె, ఐదు దరఖాస్తులు

ఇది చదివితే ఇంకా గాల్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది కదా? అందుకే మన అన్నాచెల్లెళ్లు అదే పెట్టె గురించి ఐదు రకాలుగా దరఖాస్తు రాశారనుకుందాం. ఏది ఎక్కడ ఆగిపోతుందో చూడండి.

మొదటిది: "మోటారు వోల్టేజీ, కరెంటు, నడిచిన గంటలు ఫోన్ తెరపై చక్కగా చూపించే యాప్." ఇది 3(ఎన్) క్లాజు దగ్గర ఆగుతుంది. సమాచారాన్ని చూపించడం ఆవిష్కరణ కాదు. రంగుల్లో చూపినా, తెలుగులో చూపినా అంతే.

రెండోది: "సిమ్ ఉన్న మోడెమ్, రిలే, కాంటాక్టర్... ఈ మూడింటినీ ఒక పెట్టెలో పెట్టాం." ఇది 3(ఎఫ్). తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఎవరి పని వారు చేసుకుంటుంటే అది కొత్త కూర్పే కానీ ఆవిష్కరణ కాదు. పైగా నానో గణేశ్ లాంటివి ఎప్పటి నుంచో ఉన్నాయి కాబట్టి కొత్తదనం ప్రశ్న కూడా ఎదురవుతుంది.

మూడోది: "మిరప పైరుకు నేల తేమను బట్టి నీళ్లు పెట్టే పద్ధతి." ఇక్కడ చాలామంది ఊహించని గోడ ఒకటుంది. 3(హెచ్) ప్రకారం వ్యవసాయ పద్ధతికి పేటెంట్ లేదు. పెట్టె మంచిదే అయినా, దరఖాస్తులో హక్కు కోరిన తీరు వల్ల దెబ్బ తింటుంది.

నాలుగోది: "ఫోన్ నుంచి మోటారుకు సందేశం పంపే ప్రోగ్రామ్, దాని అల్గారిథమ్." నేరుగా 3(కె). వాదనకు పెద్దగా చోటు లేదు.

ఐదోది చూడండి. ఊళ్లో కరెంటు పోయి వచ్చిందనుకోండి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పదిహేను ఇరవై మోటార్లు ఆటోస్టార్టర్ల వల్ల ఒక్కసారే లేస్తాయి. నేరుగా స్టార్ట్ అయ్యే ఇండక్షన్ మోటారు మామూలు కంటే ఐదు నుంచి ఏడు రెట్లు కరెంటు లాగుతుంది. అందరూ ఒకేసారి లాగితే వోల్టేజీ పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. తెలంగాణలో 2018లో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. నీటి వాడకంతోపాటు మోటార్ల ఈ తీరు కూడా ఆందోళనే. ఇప్పుడు మన అన్నాచెల్లెళ్ల పెట్టె ఏం చేస్తుందంటే, లైనులో వోల్టేజీ ఎంత వేగంగా పడి ఎంత సేపటికి తేరుకుందో కొలిచి, పక్క మోటార్లు లేస్తున్నాయని తనంతట తానే గ్రహిస్తుంది. వాటితో సిగ్నల్ కలపకుండానే తన వంతు కోసం ఆగుతుంది. లైను నిలబడ్డాకే మోటారును లేపుతుంది.

ఇక్కడ కూడా ఉన్నది సాఫ్ట్‌వేరే. కానీ దాని ఫలితం తెర మీద కాదు, తీగలో కనిపిస్తోంది. స్టార్టింగ్ సమయంలో లైను వోల్టేజీ ఎంత నిలబడిందో మీటరు పెట్టి చూపొచ్చు. హక్కు కోరేది కూడా ప్రోగ్రామ్‌పై కాదు. ఫలానా కొలతలు తీసుకుని, ఫలానా విధంగా కాంటాక్టర్‌ను నియంత్రించే మోటారు స్టార్టర్‌పై. 'సాంకేతిక ఫలితం' అంటే ఇదే.

అయితే తొందరపడొద్దు. 3వ సెక్షన్ దాటినంత మాత్రాన పేటెంట్ వచ్చినట్టు కాదు. అది ప్రపంచంలో ఎక్కడా ముందే ప్రచురితమై ఉండకూడదు. ఆ రంగంలో పనితెలిసిన మనిషికి ఇట్టే తట్టేది కాకూడదు. మోటార్లను కొంచెం ఆలస్యంగా లేపే టైమర్ పాత ఆలోచనే. దానికంటే మీ పెట్టె ఏం అదనంగా చేసిందన్నదే అసలు పరీక్ష.

బయటి దేశాల్లో ఎలా ఉంది?

ఈ గీత మన దేశంలోనే కాదు, అంతటా ఇంచుమించు ఇక్కడే ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 1981లో తేల్చిన డయర్ కేసులో విషయం రబ్బరు అచ్చు యంత్రం. అచ్చు లోపలి ఉష్ణోగ్రతను కంప్యూటర్ ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ, తెలిసిన గణిత సూత్రంతో లెక్కవేసి, సరైన క్షణంలో యంత్రాన్ని తెరిపిస్తుంది. సూత్రం పాతదే, కంప్యూటర్ మామూలుదే. అయినా ఫలితంగా రబ్బరు సరిగ్గా ఉడుకుతోంది కాబట్టి పేటెంట్‌కు అర్హమేనని కోర్టు చెప్పింది.

దీనికి ఎదురుగా 2016లో ఎలక్ట్రిక్ పవర్ గ్రూప్, ఆల్‌స్టామ్ సంస్థల మధ్య కేసు ఉంది. విద్యుత్ గ్రిడ్‌లో అనేకచోట్ల నుంచి సమాచారం సేకరించి, విశ్లేషించి, తెరపై చూపే విధానం అది. కొత్త సెన్సర్ లేదు, గ్రిడ్‌పై చర్య లేదు. సేకరించడం, విశ్లేషించడం, చూపించడం మాత్రమే ఉన్నాయంటూ అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ పేటెంట్లు చెల్లవంది.

యూరప్‌లో సాఫ్ట్‌వేర్ ఆవిష్కరణల పేటెంట్లపై తెచ్చిన ముసాయిదా ఆదేశాన్ని 2005 జులై 6న యూరోపియన్ పార్లమెంటు 648 - 14 ఓట్లతో తిరస్కరించింది. అక్కడా 'కంప్యూటర్ ప్రోగ్రామ్ దానికదిగా' పేటెంట్‌కు అర్హం కాదు. సాంకేతిక సమస్యను సాంకేతికంగా పరిష్కరిస్తేనే చూస్తారు.

యంత్రం భాష ఎవరి సొత్తు?

ఇప్పటిదాకా పెట్టె తయారుచేసిన వాళ్ల వైపు నుంచి చూశాం. ఇక రిపేరు చేసే వాళ్ల వైపు, మీలాంటి కొనుగోలుదారుల వైపు నుంచి చూద్దాం. కంపెనీ మూతపడింది, సర్వర్ ఆగిపోయింది. మీ యాప్ మోటారుతో మాట్లాడటం లేదు. కారంపూడి మెకానిక్ దాన్ని మరో యాప్‌తో కలపొచ్చా?

యంత్రాలకూ భాషలున్నాయి. వాటినే ప్రోటోకాల్ అంటారు. పరిశ్రమల్లో ఎక్కువగా కనిపించేది మోడ్‌బస్. 1979లో మోడికాన్ అనే అమెరికా కంపెనీ తన పీఎల్‌సీల కోసం దీన్ని తయారుచేసింది. దాని వివరాలు అందరికీ తెరిచి ఉన్నాయి, వాడుకున్నందుకు రాయల్టీ కట్టక్కర్లేదు. అందుకే ఏ కంపెనీ వీఎఫ్‌డీ కొన్నా వెనకవైపు మోడ్‌బస్ పోర్టు కనిపించడం మామూలైపోయింది. స్మార్ట్ మీటర్ల విషయంలోనూ సమాచార మార్పిడికి ఐఎస్ 15959 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఒక కంపెనీ మీటరు ఇంకో కంపెనీ వ్యవస్థతో మాట్లాడాలన్నదే దాని ఉద్దేశం.

భాష మూసి ఉంచిన పరికరాల సంగతి వేరు. ఇక్కడ రెండు చట్టాలను విడివిడిగా చూడాలి.

ఒకటి, కాపీరైట్. సాఫ్ట్‌వేర్ కోడ్‌కు కాపీరైట్ ఉంటుంది. కోడ్‌ను మక్కీకి మక్కీ కాపీ కొట్టడం తప్పు. కానీ అదే చట్టం 52వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. చట్టబద్ధంగా మీ దగ్గరున్న ప్రోగ్రామ్‌తో, మీరు స్వతంత్రంగా రాసుకున్న మరో ప్రోగ్రామ్ కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారాన్ని రాబట్టుకోవచ్చు. ఆ సమాచారం వేరే విధంగా సులువుగా దొరకకపోతేనే ఇది వర్తిస్తుంది. మెకానిక్‌కు, సొంత యాప్ రాసుకునే కుర్రాళ్లకు ఇది పెద్ద అండ.

రెండోది, పేటెంట్. కాపీరైట్‌లోని ఆ వెసులుబాటు పేటెంట్‌కు వర్తించదు. ప్రయోగాల కోసం, పరిశోధన కోసం, విద్యార్థులకు నేర్పడం కోసం పేటెంట్ ఉన్న ఆవిష్కరణను వాడుకునే వీలు 47వ సెక్షన్ ఇస్తుంది. దాన్ని తయారుచేసి అమ్మడం మాత్రం అనుమతి లేకుండా కుదరదు.

సమాచారం పంపే పద్ధతులకు అసలు పేటెంటే ఉండదని కూడా అనుకోవద్దు. మీ స్టార్టర్ పెట్టెలోని సిమ్ మోడ్యూల్ పనిచేసే మొబైల్ టెక్నాలజీల మీద బోలెడు పేటెంట్లున్నాయి. మొబైల్ ప్రమాణాలకు సంబంధించిన పేటెంట్ల కేసులో ఎరిక్సన్‌కు దాదాపు 244 కోట్ల రూపాయలు చెల్లించాలని 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు లావా కంపెనీని ఆదేశించింది. అందుకే మోడ్యూల్‌ను లైసెన్సున్న తయారీదారు దగ్గర, బిల్లుతో కొనడం మంచిది.

ఇక్కడే ప్రజాప్రయోజనం ప్రశ్న వస్తుంది. మోటారును కాపాడే కొత్త ఉపాయానికి 20 ఏళ్ల హక్కు ఇస్తే, ఆ ఉపాయం కనిపెట్టిన వాళ్లకు ప్రతిఫలం దక్కుతుంది. పైగా దరఖాస్తులో పద్ధతి మొత్తం బయటపెట్టాలి కాబట్టి గడువు తీరాక అందరికీ అందుతుంది. అదే మోటారుతో మాట్లాడటానికే హక్కు ఇచ్చేస్తే, రైతు ఒకే కంపెనీకి కట్టుబడిపోతాడు, ఊరి మెకానిక్ పని పోతుంది. చట్టంలోని ఆ 'పెర్ సే' కాపాడుతున్నది ఈ తేడానే.

వీడియో పెట్టేముందు ఆగండి

పేటెంట్ విషయంలో చిన్న ఆవిష్కర్తలు ఎక్కువగా నష్టపోయేది కోర్టులో కాదు, తమ సొంత ఫోన్‌లోనే. పెట్టె తయారవగానే వీడియో తీసి యూట్యూబ్‌లో, వాట్సప్ గ్రూపుల్లో పెడతారు. ఎలా పనిచేస్తుందో అందులో వివరిస్తారు. ఆ తర్వాత దరఖాస్తు చేస్తే, మీ వీడియోనే మీకు అడ్డం తిరుగుతుంది. "ఇది ఇప్పటికే బహిరంగమైంది, కొత్తది కాదు" అని పేటెంట్ ఆఫీసు అంటుంది.

మినహాయింపులు తక్కువ. కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలో పెట్టినా, పండిత సభలో పత్రం సమర్పించినా 12 నెలల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. కాలేజీ ఫెస్టులు, మామూలు స్టాల్స్ ఇందులోకి రావు.

పొలంలో పరీక్షించక తప్పదు కదా అంటారా? దానికి 32వ సెక్షన్ ఉంది. ఆవిష్కరణ స్వభావం వల్ల బహిరంగంగానే పరీక్షించాల్సి వస్తే, అది పరీక్ష కోసమే అయితే, దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు జరిగితే, ఆ ఒక్క కారణంతో కొత్తదనం పోదు. అయితే అమ్మకాలు మొదలుపెట్టి 'పరీక్షే' అంటే నిలబడటం కష్టం. ఎవరి పొలంలో, ఏ తేదీన, ఏం కొలిచారో రాసి పెట్టుకోండి.

ఇదే సూత్రానికి మంచి వైపు కూడా ఉంది. మీకు పేటెంట్ అక్కర్లేదు, ఎవరూ దీన్ని గుత్తకు తీసుకోకూడదన్నదే మీ కోరిక అనుకోండి. అప్పుడు తేదీతో సహా వివరంగా ప్రచురించండి. ఆ తర్వాత దరఖాస్తు చేసే కంపెనీకి అది అడ్డు. పేటెంట్ మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయొచ్చు. మంజూరు వివరం ప్రచురితమైన తర్వాత ఏడాదిలోపు సంబంధం ఉన్నవారు వ్యతిరేకించవచ్చు.

దరఖాస్తు ఎక్కడ, ఖర్చు ఎంత?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాసుల దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. వెళ్లాల్సిన పని లేదు, ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. తిరస్కరిస్తే అప్పీలు హైకోర్టుకు వెళ్తుంది. 2021లో అప్పీలు బోర్డు రద్దయ్యాక చెన్నై ఆఫీసు నిర్ణయాలపై అప్పీళ్లు మద్రాసు హైకోర్టు వింటోంది.

వ్యక్తులు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, విద్యాసంస్థలకు ఫీజుల్లో పెద్ద రాయితీ ఉంది. ఆన్‌లైన్ ఫీజులు ఇలా ఉన్నాయి:

దరఖాస్తు ఫీజు: వీరికి 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకు 8,000.

పరీక్ష కోసం విజ్ఞప్తి: వీరికి 4,000, పెద్ద కంపెనీలకు 20,000. ఇది విడిగా వేయాలి. వేయకపోతే మీ దరఖాస్తును ఎవరూ తెరిచి చూడరు. గడువు 31 నెలలు.

వేగంగా పరీక్షించమని కోరితే: వీరికి 8,000 రూపాయలు. స్టార్టప్‌లు, చిన్న సంస్థలతోపాటు దరఖాస్తుదారుల్లో కనీసం ఒక మహిళ ఉన్నా ఈ సౌకర్యం దొరుకుతుంది. మన ఉదాహరణలో చెల్లెలు పేరు దరఖాస్తుదారుగా ఉంటే చాలు. నిజంగా ఆమె ఆవిష్కరణ అయితే పేరు పెట్టడం న్యాయం కూడా.

దరఖాస్తు 30 పేజీలు, 10 క్లెయిమ్‌లు దాటితే అదనపు ఫీజు ఉంటుంది. పేటెంట్ వచ్చాక, దరఖాస్తు తేదీ నుంచి లెక్కించి మూడో ఏడాది మొదలుకొని రెన్యువల్ ఫీజు కట్టాలి. కట్టకపోతే హక్కు పోతుంది.

పెట్టె ఇంకా పూర్తి కాలేదా? ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేయండి. దాంతో మీ తేదీ ఖాయమవుతుంది. 12 నెలల్లోపు పూర్తి దరఖాస్తు ఇవ్వాలి, లేకపోతే వదిలేసినట్టే. మామూలుగా 18 నెలల తర్వాత దరఖాస్తు ప్రచురితమవుతుంది. పరీక్ష నివేదికలో అభ్యంతరాలు వస్తే జవాబుకు 6 నెలల గడువు, కోరితే మరో 3 నెలలు.

ప్రభుత్వ ఫీజు కంటే పేటెంట్ ఏజెంటు ఫీజే ఎక్కువ బరువు. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు కేంద్రం 2016లో తెచ్చిన పథకం కింద ఫెసిలిటేటర్ ఫీజును ప్రభుత్వమే భరిస్తుంది. పెద్దగా చదువుకోని గ్రామీణ ఆవిష్కర్తలకు నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సాయం చేస్తుంది. ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం కథ మీకు తెలిసే ఉంటుంది. ఆలేరు దగ్గరి శారాజీపేట నేతకార్మికుడాయన. తల్లి కష్టం చూడలేక చేసిన ఆ యంత్రానికి 2011లో పేటెంట్, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చాయి. ఆయన అడిగిన హక్కు ఒక యంత్రంపై, చేతులతో చేసే పనిని అది ఎలా చేస్తుందన్న దానిపై. మోటారు పెట్టె దరఖాస్తుకూ అదే నమూనా.

పేటెంట్ రాకపోతే ఇక దారి లేదా?

ఉంది. కోడ్ రాసిన క్షణం నుంచే దానికి కాపీరైట్ ఉంటుంది, నమోదు తప్పనిసరి కాదు. అయినా వివాదం వస్తే రుజువుగా పనికొస్తుంది, సాఫ్ట్‌వేర్ నమోదు ఫీజు 500 రూపాయలే. పెట్టె రూపానికి డిజైన్, పేరుకు ట్రేడ్‌మార్క్ నమోదు చేసుకోవచ్చు. రహస్యంగా ఉంచుకోవడం మరో దారి. కానీ వ్యాపార రహస్యాలకు మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు. పనిచేసేవాళ్లతో, డీలర్లతో రాతపూర్వక ఒప్పందమే ఆధారం.

అసలు ప్రశ్న మీ వ్యాపారం దేని మీద నిలబడిందన్నది. ఫోన్ యాప్‌లు రెండేళ్లకే మారిపోతాయి, పేటెంట్ రావడానికి ఏళ్లు పట్టొచ్చు. మీ బలం సర్వీసు అయితే, ఊరి మెకానిక్‌తో ఉన్న నమ్మకం అయితే, పేటెంట్ కంటే ట్రేడ్‌మార్కే ఎక్కువ ఉపయోగపడొచ్చు. మోటారును కాపాడే కొత్త ఉపాయమే మీ బలం అయితే దరఖాస్తు వేయడంలో అర్థముంది.

దరఖాస్తు రాసే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. యాప్‌ను పక్కన పెట్టి, మోటారు దగ్గర నిలబడి, "నా సాఫ్ట్‌వేర్ వల్ల ఇక్కడ ఏం మారింది?" అని అడగండి. కరెంటు తగ్గిందా, వేడి తగ్గిందా, వైండింగ్ కాలకుండా మిగిలిందా? మీటరు పెట్టి చూపగల జవాబు మీ దగ్గర ఉంటే, చెన్నై ఆఫీసులో చెప్పాల్సింది కూడా అదే. జవాబు ఫోన్ తెర మీదే ఉంటే, ఆ డబ్బుతో ఇంకో పది పెట్టెలకు సామాను కొనుక్కోవడం మేలు.